కల్లు, ముల్లు, కొబ్బరి మొక్క

చిన్నప్పుడు మా రామాలయం దగ్గర పడిపూజ జరుగుతుంటే అయ్యప్ప స్వాములందరూ "కల్లుం ముల్లుం కాలికి మెత్తై" అని శరణుఘోష చెప్పేవాళ్ళు, నాకేమో ఒకటే డౌటు, మాల వేసుకున్నోళ్ళు కల్లు పేరు ఎత్తొచ్చా అని. మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి, మాకు కల్లంటే తాటిచెట్టు మీంచి కుండలో దిగేదే. ఘోషలో కల్లంటే అరవంలో, మలయాళంలో రాయి అనీ, మెత్తై అంటే పరుపు అనీ నేను మొదటిసారి మాల వేసుకుని కన్నెస్వామి అయిన ఏడు గానీ తెలీలేదు.

చెప్పింది మా గురుస్వామి. ఆయన చేసేది కల్లు గీత పనే. "ఆ కల్లు 41 రోజులు బందు స్వామీ, ఈ కల్లు మాత్రం పూటపూటా ఉండాలి" అని తనే నవ్వేసేవారు.

ఆ ఏడు ఆయనకి 18వ శబరిమల యాత్ర. పద్దెనిమిదోసారి వెళ్ళేవాళ్ళు సన్నిధానంలో, అంటే కొండ మీద గుడి దగ్గర, కొబ్బరి మొక్క నాటడం ఆనవాయితీ కదా, ఆయన తన దొడ్లో కాయనే మొలకేయించి, వేరు చుట్టూ తడి గోనె కట్టి, భుజాన వేసుకున్నారు. పంప దాకా బస్సులో పోయి దగ్గర దారి చిన్నపాదం ఎక్కేద్దామంటే ఒప్పుకోలేదు, ఎరుమేలి నుంచి అడివిలో నడిచే పెద్దపాదమే అన్నారు. రాజమండ్రిలో బొకారో రైలు ఎక్కి ఎర్నాకులంలో దిగి, బస్సులో ఎరుమేలి చేరి, రంగులు పూసుకుని పేటతుళ్ళి ఆడి, అయ్యప్ప స్నేహితుడు వావరు స్వామి మసీదుకి దణ్ణం పెట్టుకుని అడివి దారి పట్టాం.

మా ఊళ్ళో రాయంటే రుబ్బురోలు, మైలురాయి, అంతే. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసక, తర్వాత నీళ్ళు. చేలగట్ల మీద చెప్పుల్లేకుండా పెరిగినోణ్ణి నాకేం లెక్క అనుకున్నాను, ఆ పొగరు మొదటిరోజు మధ్యాన్నానికే దిగిపోయింది.

అళుదా నదిలో మునిగి ఒక రాయి తీసుకుని, కొండెక్కి కల్లిడుంకుండ్రు దగ్గర వెయ్యాలి. అయ్యప్ప చేతిలో చచ్చిన రాక్షసి మహిషి మీద రాళ్ళు కప్పారని కథ. కల్లిడుంలో ఉన్నదీ ఈ కల్లే. నెత్తిన ఇరుముడి ఉందిగా, బరువెందుకులే అని నిమ్మకాయంత రాయి ఏరుకున్నాను నేను. ఆయన పిడికిలి నిండా పట్టేది తీశారు, నా చేతిలోది చూసి ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

కరిమల ఎక్కేటప్పుడు మాత్రం, నిజం చెప్తున్నా, ఏడుపొచ్చేసింది. వేర్లు, ఆ వేర్ల మధ్య పదునుగా తేలిన రాళ్ళు, వెనకాల ఎవరో "దేహబలం తా, పాదబలం తా" అని ఘోష, పక్కనోళ్ళు అందుకోవడం. అప్పుడు తట్టింది నాకు, ఈ ఘోషలో మనం అడిగేది బలం ఒక్కటే, రాయి తీసెయ్యి స్వామీ, ముల్లు తప్పించు స్వామీ అని ఎక్కడా అడగం. రాయీ ముల్లూ కాలికి పరుపు అనేసి ఊరుకుంటాం, పరుపు చెయ్యమని కూడా అనం. ఇన్నిరోజులు గొంతు చించుకుని అరిచాం గానీ ఒక్కసారీ ఆలోచించలా.

ఒక చోట కూలబడ్డాం. ఆయన పాదాలు అప్పుడే దగ్గర్నించి చూశాను, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకి వేసే బంధం రాసుకుని రాసుకుని చీలమండ దగ్గర తోలు నల్లగా మందంగా కాయకట్టేసింది, మడమ పగుళ్ళలో ఎర్రమట్టి ఇరుక్కుంది. మీకు నొప్పి తెలీదేమో స్వామీ అన్నాను.

"ఎందుకు తెలీదు? పరుపు మీద పడుకున్నా నడుం నొప్పి రాదా ఏటి" అన్నారు. లేచి మొక్క గోనె మీద సీసాలో నీళ్ళు సగం పోశారు, మిగతా సగం నాకిచ్చారు.

పద్దెనిమిది మెట్లు, దర్శనం, నెయ్యాభిషేకం, వాటి గురించి రాయడం నావల్ల కాదు, అక్కడ నేనేం చూశానో నాకే సరిగ్గా గుర్తులేదు.

మొక్క నాటడం గుర్తుంది. అక్కడ మొక్కలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంటాయి, చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు వదిలే మా రైతులు చూస్తే తిట్టిపోస్తారు. ఆయన చేత్తోనే గొయ్యి తీశారు, తీసేకొద్దీ రాళ్ళే. "కల్లు" అనుకుంటూ ఒక్కోటీ పక్కన పెట్టారు. గోనె విప్పితే వేరుకి మా లంక మట్టి ఇంకా తడిగానే అంటుకునుంది. దాన్ని దులపకుండా అలాగే గోతిలో పెట్టి, తీసిన రాళ్ళే చుట్టూ సర్దారు.