ద్రాక్ష ఊళ్లో ప్రాంతీయ వీసా: గ్రిఫిత్‌లో నా అనుభవం

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో చదువు ముగించి, శాశ్వత వీసాకు వయసు, చదువు లాంటివి చూసి ఇచ్చే పాయింట్లు చాలక నిలిచిపోయిన వాళ్లలో నేనూ ఒకదాన్ని. 491 అనే ప్రాంతీయ వీసాకు రాష్ట్రం నామినేట్ చేస్తే 15 పాయింట్లు కలుస్తాయి. అందుకు బదులుగా, ఐదేళ్ల గడువున్న ఆ వీసా మీద ఉన్నంతకాలం సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలకు బయటే ఉండాలి, బయటే పనిచేయాలి. మూడేళ్లు నిండితే 191 అనే శాశ్వత వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ లెక్కలో అడిలైడ్, పెర్త్ కూడా ప్రాంతీయమే కాబట్టి మనవాళ్లు చాలామంది అటు సర్దుకుంటారు. నాది రసాయనశాస్త్రం. గ్రిఫిత్ అనే ఊళ్లో ఒక వైనరీ (ద్రాక్షతో వైన్ చేసే కర్మాగారం) ప్రయోగశాలలో కోతల కాలానికి పని దొరికింది, వెళ్లిపోయాను.

సిడ్నీకి పడమరగా 570 కిలోమీటర్లు. ఇల్లు, కారు, లైసెన్సు: ఈ మూడూ తేలాకే మిగతావన్నీ. వీసా కాగితాల గురించి అందరూ చెబుతారు గానీ ఈ మూడింటి గురించి నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు ఇల్లు. జనవరి నెలాఖరు నుంచి ద్రాక్ష కోతలు మొదలవుతాయి, ఎక్కడెక్కడి నుంచో పనివాళ్లు దిగుతారు. ఆ సమయంలో అద్దె ఇంటి కోసం తిరగడం దండగ. నేను అక్టోబరులో వచ్చాను కాబట్టి బతికిపోయాను. అయినా ఏజెంటు అడిగిన మొదటి ప్రశ్న, ఇంతకుముందు అద్దెకున్న చోటి నుంచి సిఫారసు ఉందా అని. సిడ్నీలో నలుగురితో గది పంచుకున్న దానికి కాగితమెక్కడిది? చివరికి వైనరీ ఇచ్చిన ఉద్యోగ పత్రం, బ్యాంకు నిల్వ చూపిస్తే ఒప్పుకున్నారు. నాలుగు వారాల అద్దె బాండుగా కట్టాలి. అది యజమాని చేతికి పోదు, రాష్ట్ర ప్రభుత్వం దగ్గర జమ అవుతుంది. చేరిన ఏడు రోజుల్లోపు ఇంటి స్థితి నివేదిక నింపి ఇవ్వాలి. గోడ మీద గీత దగ్గర నుంచి తలుపు బీట దాకా అన్నీ రాయండి, ఫొటోలు తీయండి. మొహమాటం వద్దు.

తరువాత లైసెన్సు. ఇది వీసా కంటే కష్టమని నా అభిప్రాయం. మన లైసెన్సును ఇక్కడ నేరుగా మార్చి ఇవ్వరు. గ్రిఫిత్ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు ఆరు నెలల తరువాత రాష్ట్ర లైసెన్సు లేకుండా నడపకూడదు. మొదటిది రాత పరీక్ష, 45 ప్రశ్నలు. సాధారణ ప్రశ్నలు 15లో 12 వస్తే చాలు. రోడ్డు భద్రత ప్రశ్నలు 30లో ఒక్కటి మించి తప్పకూడదు. ఆపైన రోడ్డు మీద పరీక్ష. అందులో తప్పితే, అంతవరకూ మన లైసెన్సుతో నడుపుకొన్న వీలు కూడా పోతుంది. తెనాలిలో స్కూటరు, కారు నడిపిన ధైర్యం ఇక్కడ అడ్డే తప్ప సాయం కాదు. ప్రతి మలుపులో తల పూర్తిగా తిప్పి భుజం మీదుగా చూడాలి. అద్దంలో చూశానంటే కుదరదు. ఒక శిక్షకుడిని పెట్టుకుని పాత అలవాట్లన్నీ వదిలించుకున్నాకే పరీక్షకు వెళ్లాను.

ఎందుకింత పట్టుదల అంటే, కారు లేనివాళ్లకు గ్రిఫిత్ అంటే బన్నా అవెన్యూ అనే పెద్ద వీధి ఒక్కటే. పని బిల్బుల్, యెండా, హాన్‌వుడ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ల వైపు ఉంటుంది, అదీ రాత్రిపూట. సందె వేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి కాబట్టి షిఫ్టుకు ఎప్పుడూ అరగంట ముందే బయలుదేరేదాన్ని.

అసలు ఈ ఊరే కాలువ కట్టిన ఊరు. మరంబిడ్జీ నది నీళ్లు మళ్లించి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సాగుభూమిగా మార్చారు. దేశ రాజధాని కాన్‌బెర్రాకు నమూనా గీసిన వాల్టర్ బర్లీ గ్రిఫినే దీనికీ గీశాడు. ఊరి పేరు మాత్రం ఆయనది కాదు, అప్పటి ప్రజా పనుల మంత్రి ఆర్థర్ గ్రిఫిత్‌ది. 1916లో ఊరుగా ప్రకటించారు. ఇటలీ నుంచి, ముఖ్యంగా వెనెటో, కలాబ్రియా ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లు తీగలు పాతారు. బిల్బుల్‌లోని డి బోర్టోలీ వైనరీ 1928 నాటిది. పంజాబీలు తరువాత వచ్చారు. ఇప్పుడు గురుద్వారా ఉంది, జూన్‌లో సిక్కు క్రీడోత్సవాలు జరిగితే ఊరు పట్టదు. వాళ్ల పుణ్యమా అని కందిపప్పుకూ కరివేపాకుకూ లోటు లేదు.

కోతల కాలం వచ్చాక వీసా, ఇల్లు అన్నీ మరిచిపోయాను. ద్రాక్షను యంత్రాలు రాత్రిపూట కోస్తాయి. పగటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి రసం పాడవుతుంది. లారీ వేబ్రిడ్జి మీద నిలబడగానే నమూనా మా బల్ల మీదికి వస్తుంది. పిండి, వడకట్టి, చక్కెర చూడాలి. దాన్ని బోమే అనే కొలతలో చెబుతారు. ఒక బోమే అంటే పులిసిన తరువాత దాదాపు ఒక శాతం ఆల్కహాలు. తరువాత పీహెచ్, ఆమ్లత. ఆమ్లతకు సోడియం హైడ్రాక్సైడు చుక్కలు చుక్కలుగా వేస్తూ పీహెచ్ 8.2 దగ్గర ఆపాలి. కాలేజీలో చేసిన టైట్రేషనే, కాకపోతే తెల్లవారుజామున మూడింటికి, వేళ్లు జిగటగా అతుక్కుపోతుండగా, బయట లారీలు వరుసకట్టి ఉండగా. ఆ అంకె మీద రైతుకు వచ్చే ధర ఆధారపడి ఉంటుంది. డ్రైవరు పక్కన నిలబడి నా ముఖంలోకి చూస్తుంటే చెయ్యి వణికేది.

పన్నెండు గంటల షిఫ్టు. కొత్తవాళ్లకు అన్నిటికంటే ముందు నేర్పేది రసం పులిసే తొట్లలో పేరుకునే కార్బన్ డయాక్సైడు గురించి. అది గాలి కంటే బరువు, అడుగున చేరుతుంది. వాసన రాదు. అనుమతి లేకుండా తొట్టిలోకి తల కూడా పెట్టకూడదు. ఈ పనికి వచ్చే మన పిల్లలు శ్రద్ధగా వినాల్సిన పాఠం అదొక్కటే, మిగతావి చేస్తూ నేర్చుకోవచ్చు.

కోతలు ముగిశాక మాలాంటి తాత్కాలిక ఉద్యోగులకు పని తగ్గుతుంది. ఆ నెలల్లో నేను నారింజ పండ్ల ప్యాకింగు షెడ్డులో నాణ్యత తనిఖీ చేశాను. నా వీసా ఒకే యజమానికి కట్టేసింది కాదు గనుక ఇబ్బంది లేదు.

రెండో ఏడాది అమ్మానాన్నలను రప్పించాను. 600 సందర్శక వీసా. వాళ్ల పొలం కాగితాలు, పింఛను పత్రం, నా జీతం చీటీలు జతచేశాను. సిడ్నీ నుంచి గ్రిఫిత్‌కు రైలు రోజూ ఉండదు. నేనే కారులో తీసుకొచ్చాను. అంతవరకూ అమ్మ చుట్టాలకు "మా అమ్మాయి ద్రాక్షతోటల్లో సైంటిస్టు" అని చెప్పుకొచ్చింది. వైనరీ బోర్డు చూశాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. కావాలని తీగ మీదే బూజు పట్టనిచ్చిన ద్రాక్షతో ఇక్కడ ఒక తియ్యటి వైన్ చేస్తారని, డి బోర్టోలీ వాళ్లది 1982 కోత నుంచీ పేరు పొందిందని చెప్పాను. "కుళ్లినవి కొనుక్కుని తాగుతారా? అవి పారేసేవే కదే!" అంది.

నాన్నకు వైన్ పట్టలేదు, కాలువ పట్టింది. కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టి పెరిగిన మనిషి. ఇక్కడా వరి పండుతుందని, విత్తనాన్ని విమానంతో నీటి మడుల్లో చల్లుతారని విని నవ్వాడు, నమ్మలేదు. మా పక్క తోట రైతు ఇటాలియన్ల మనవడు. ఒక సాయంత్రం నాన్నను తన తూము దగ్గరికి తీసుకెళ్లాడు. మధ్యలో నేను దుబాసీని. భూమి వేరు, నీటి హక్కు వేరు, హక్కును విడిగా అమ్ముకోవచ్చు, వద్దనుకుంటే ఈ ఏటి నీళ్లు మాత్రమే అమ్ముకోవచ్చు అని ఆయన చెప్పాడు. కొలత మెగాలీటర్లలో, అంటే పది లక్షల లీటర్లు ఒక లెక్క. కరవు వస్తే ధర ఆకాశానికి పోతుంది.

"అయితే లస్కరు చుట్టూ తిరగక్కర్లేదా?" అన్నాడు నాన్న.

"అక్కర్లేదు. ఫోనులో అడిగితే తూము అదే తెరుచుకుంటుంది."

"డబ్బున్నవాడికే నీళ్లన్న మాట" అన్నాడు. ఆ మాట అనువదించి చెబితే రైతు కాదనలేదు. ఆయన కష్టం వేరు. చైనా 2020లో ఆస్ట్రేలియా వైన్ మీద భారీ సుంకాలు వేసింది, 2024 మార్చిలో గానీ తీయలేదు. ఎర్ర ద్రాక్ష కొనేవాడు లేక కొందరు తీగలు పీకేశారు. ఆయనా ఒక మడి పీకేశాడు. దాళ్వా నీళ్లు రాక చేను వదిలేసిన ఏడు నాన్నకు గుర్తొచ్చినట్టుంది. ఇద్దరూ చాలాసేపు పురుగుమందుల ధరల మీద పడ్డారు, నేను అనువదించలేక అలసిపోయాను.

191 దరఖాస్తు మాత్రం అనుకున్నంత గొడవ కాలేదు. మూడు ఆర్థిక సంవత్సరాలకు పన్ను శాఖ ఇచ్చే మదింపు నోటీసులు కావాలి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూలై నుంచి జూన్ వరకు. రిటర్ను వేయడం ఆలస్యం చేస్తే నోటీసు ఆలస్యం, దాంతో దరఖాస్తూ ఆలస్యమే. నివాసానికి అద్దె ఒప్పందం, కరెంటు బిల్లులు, జీతం చీటీలు. కోతల పని ఒక చోట, ప్యాకింగు ఒక చోట చేసిన నాలాంటి వాళ్లు ప్రతి యజమాని దగ్గరా పని విడిచిన రోజే ఉత్తరం రాయించుకోవాలి. తరువాత అడిగితే అక్కడ మనల్ని ఎరిగినవాళ్లు ఉండకపోవచ్చు. షెడ్డులో సూపర్‌వైజరు మారిపోయాడు, కానీ నా ఉత్తరం అప్పటికే నా దగ్గర ఉంది. కారు మెకానిక్కు రశీదు కూడా జతచేశాను. ఎవరూ అడగలేదు గానీ దాని మీద గ్రిఫిత్ చిరునామా ఉంది.

వీసా చేతికొచ్చింది ఆగస్టులో. సిడ్నీ స్నేహితులు గది చూసిపెట్టమంటావా అని అడిగారు. వైనరీలో కోతలకు పేర్లు అప్పుడే రాసుకుంటున్నారు. ఈసారి పగటి షిఫ్టు కావాలని అడిగి, నా పేరు రాయించాను.