తైవానీ హొక్కియన్: స్వరసంధి దాటేసరికి నా ప్రాణం పోయినంత పనైంది

నిన్న తైవాన్ దక్షిణాన ఉన్న తైనాన్ నగరంలో రాత్రి బజారులో "ఛావ్-తావ్-హూ" అడిగాను. అంటే ఘాటు వాసన వచ్చే పులియబెట్టిన తోఫు. కొట్టు ఆవిడ మాండరిన్‌లోకి (ప్రామాణిక చైనీస్) మారకుండా, ఎన్ని కావాలని హొక్కియన్‌లోనే (తైవాన్‌లో మాట్లాడే మరో చైనీస్ భాష) అడిగింది. ఆరు నెలల కష్టం ఫలించింది.

హల్లులు మనకు తేలికే. ప-ఫ-బ, క-ఖ-గ తేడా ఉంది (ఫలంలో ఫ, ఫ్యాన్‌లో ఫ కాదు). మాండరిన్‌లో ఈ బ, గ లేవు. పదం చివరి ప్, త్, క్‌ల దగ్గర మాత్రం జాగ్రత్త: పది అంటే "చాప్", మన నోరు "చాపు" అంటుంది. పెదవులు మూసి అక్కడే ఆపేయాలి.

అసలు నరకం స్వరసంధి. ఇక్కడ స్వరమంటే అచ్చు కాదు, అక్షరాన్ని పలికే శ్రుతి; పదబంధంలో చోటును బట్టి అది మారడమే స్వరసంధి. స్వరాలు 7, అంకెలు 8 వరకు (6వది విడిగా లేదు). పదబంధంలో చివరి అక్షరమే సొంత స్వరం పలుకుతుంది, ముందున్నవన్నీ మారతాయి. పాఠ్యపుస్తకంలోనూ, తైవాన్ విద్యాశాఖ నిఘంటువులోనూ అచ్చయ్యేది మారని స్వరమే! మా టీచరు ఆ సంగతి చెప్పకుండా "వినండి, అదే వస్తుంది" అని ఊరుకున్నారు. నెలరోజులు క్లాసులో అచ్చులో ఉన్నట్టే చదివి నవ్వులపాలయ్యాను. సంధి నియమాలు బడిలో బట్టీపట్టిన మనకు ఒక్క పట్టిక ఇస్తే చాలదా?

ఆ పట్టిక ఇదీ: 1→7→3→2→1, గుండ్రంగా తిరుగుతుంది (బాణం ముందున్నది అచ్చయిన స్వరం, తర్వాతది పలికేది). ఛావ్ 3, తావ్ 7, హూ 7. పలికేటప్పుడు ఛావ్ 2 అవుతుంది, పైనుంచి జారాలి. తావ్ 3 అవుతుంది, కిందికి దిగాలి. హూ మారదు, మధ్యలో సమంగా నిలుస్తుంది. 5వ స్వరం దక్షిణాన 7, తైపే వైపు 3. "తే" (మన తేయాకులో తే మూలం ఇదే) ఒంటరిగా కింది నుంచి పైకి లేస్తుంది. "తే-కొ", అంటే టీ కూజా, అన్నప్పుడు తైనాన్‌లో సమంగా పోతుంది. ప్, త్, క్‌తో ఆగేవాటిలో 4, 8 చోట్లు మార్చుకుంటాయి. గొంతులో ఆగేవైతే ఆ ఆగడం పోయి 4→2, 8→3 అవుతాయి.

పుస్తకంలో ప్రతి అక్షరం మీదా మారిన అంకె పెన్సిలుతో రాసుకోండి. ఒంటి పదాలు బట్టీపట్టొద్దు, రెండేసి అక్షరాల జంటలు పట్టండి.

మలేషియాలోని పెనాంగ్ వెళ్లేవాళ్లు తైవాన్ పాఠాలతో మొదలుపెట్టకండి. అక్కడి హొక్కియన్‌ది చైనాలోని జాంగ్‌జౌ యాస: గుడ్డు "నుయి". ఇక్కడ ఎక్కువగా వినపడేది అచ్చు లేకుండా ముక్కుతో పలికే "న్ఙ్". మన వర్ణమాలలో పని లేక కూర్చున్న ఙకి ఇక్కడ రోజంతా పనే.