సెలవులు పగిలితే వేడి అనుకున్నాను

కిందటేడు కార్తీకమాసంలో మొదలైంది. పొద్దున్నే ఆవులించబోతే నోటి కుడి మూల చర్రుమంది. అద్దంలో చూసుకుంటే సన్నటి చీలిక, చుట్టూ ఎరుపు. నాలుగు రోజులకు ఎడమవైపూ పగిలింది. నోటి మూలల్ని మా అమ్మమ్మ సెలవులు అనేది. "సెలవులు పగిలాయే, వేడి చేసింది" అంటూ వెన్న రాసేది. సెలవులంటే బడి సెలవులే తెలిసిన వయసులో ఆ మాటకి నవ్వొచ్చేది.

నేనూ వేడే అనుకున్నాను. సబ్జా నీళ్లు, మజ్జిగ, పడుకోబోయే ముందు నెయ్యి. రాసినప్పుడు హాయిగానే ఉండేది. తెల్లారేసరికి పక్కు కట్టి, నోరు తెరవగానే మళ్లీ చీలి నెత్తురు వచ్చేది. అన్నం చిన్న చిన్న ముద్దలు చేసుకుని పెదాలు సాగకుండా లోపలికి తోసుకునేదాన్ని. ఆవకాయ సంగతి అటుంచండి, పేస్టు నురగ తగిలినా కళ్లలో నీళ్లే. మంటగా ఉందని మాటిమాటికీ నాలుకతో తడుపుకునేదాన్ని.

మందుల షాపులో బి కాంప్లెక్స్ మాత్రలు ఇచ్చారు. నోట్లో ఏమొచ్చినా మనం ముందు వాటి దగ్గరికే పోతాం. బి2 తక్కువైనా సెలవులు పగులుతాయి కాబట్టి అది వట్టి నమ్మకమేమీ కాదు. కాకపోతే పది రోజులు మింగినా నాకు గుణం కనిపించలేదు.

చర్మం డాక్టరుగారు చూడగానే అడిగిన మొదటి మాట, "నాలుకతో తడుపుతున్నారా?" అని. ఉమ్మి ఆ మడతలో నిలిచి చర్మం నానిపోతుందట. నానిన చోట కాండిడా అనే ఫంగస్ చేరుతుంది, ఒక్కోసారి బాక్టీరియా కూడా. రోజూ రెండు పూటలా క్లోట్రిమజోల్ క్రీమ్, రెండు వారాలు. మధ్యమధ్య తడి తగలకుండా వాసెలిన్. కట్టుడుపళ్లు పెట్టుకునే మా అత్తయ్యకూ ఇలాగే పగులుతుంటే, అవి రాత్రి తీసేసి శుభ్రం చేసి పెట్టమని చెప్పారు. ఆవిడకి సగం బాధ దాంతోనే పోయింది.

నన్ను మాత్రం అంతటితో వదల్లేదు. కింది కనురెప్ప లాగి చూశారు. నాలుక చాపమని, నున్నగా ఉందన్నారు. తర్వాత, "బియ్యం గానీ, సుద్ద గానీ తినాలనిపిస్తుందా?" అన్నారు. నాకు సిగ్గేసింది. ఏడాదిగా బియ్యం చేటలో పోసుకున్నప్పుడల్లా గుప్పెడు నోట్లో పడాల్సిందే. "ఇప్పుడు తిన్నా పర్లేదులే, నీ పెళ్లిలో పడాల్సిన వాన ఎప్పుడో పడింది" అని అత్తయ్య వేళాకోళం చేసేది. అది రక్తహీనత లక్షణమని మా ఇద్దరికీ తెలియదు.

పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4. ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే ఫెరిటిన్ 6 మాత్రమే ఉంది. ఇనుము తక్కువైనా సెలవులు పగులుతాయట. షుగర్ ఉన్నా ఇలా పగులుతుందని అదీ చూశారు, లేదు. రెండేళ్లుగా నెలసరి ఎక్కువవుతున్నా, ఈ వయసులో మామూలే అనుకుని ఊరుకున్నాను. మేడ మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, దాన్ని లావు మీదికి తోసేశాను.

క్రీముతో పగుళ్లు పది రోజుల్లో మానాయి. ఇనుముతోనే అసలు తంటా. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పేది, మలం నల్లగా వచ్చి మొదటిరోజు హడలిపోయాను. అది మామూలేనట. అన్నిటికంటే కష్టమైంది కాఫీతో. మాత్ర వేసుకున్న గంటా గంటన్నర దాకా కాఫీ, టీ తాగొద్దన్నారు, ఇనుము ఒంటికి పట్టనివ్వవట. పొద్దున కాఫీ మానడం నావల్ల కాక మాత్రను సాయంత్రానికి మార్చి, నిమ్మరసంతో వేసుకున్నాను. నెలసరికి వేరే డాక్టరు మందు ఇచ్చారు.

మూడు నెలలకు హిమోగ్లోబిన్ 11.8కి వచ్చింది. మానేయనా అంటే, నిల్వ నిండాలి, ఇంకో మూడు నెలలు వాడమన్నారు.

మొన్న చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే అత్తయ్య అటుగా వెళ్తూ ఆగింది. "ఏమే, ఈమధ్య బియ్యం తినడం లేదు?" అంది. ఎప్పుడు మానేశానో నాకే గుర్తు లేదు.