గేమింగ్ టీవీ కోసం కన్సోల్ మోసుకుని నెల్లూరు వెళ్లాను: నా అనుభవం

నిన్న సాయంత్రం మా హాల్లో 55 అంగుళాల టీవీ గోడకెక్కింది. బొమ్మ చూస్తే సంతోషంగా ఉంది కానీ, అది కొనడానికి పడ్డ అవమానం మీద కోపం ఇంకా చల్లారలేదు. కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు పీఎస్ 5 (టీవీకి తగిలించి గేములు ఆడే సోనీ కన్సోల్) కొనుక్కుని, దానికి తగ్గ టీవీ కోసం తిరుగుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను కావలిలో ఒక ఆడిటర్ గారి దగ్గర అకౌంట్స్ చూస్తాను. పీఎస్ 5 స్లిమ్ నా జీతంతో కొనుక్కున్నాను. ఇంట్లో ఉన్న పాత 32 అంగుళాల టీవీకి పెడితే గేములో అక్షరాలు చదవలేకపోయాను, బటన్ నొక్కిన క్షణం తర్వాత గానీ మనిషి దూకేవాడు కాదు. అందుకని 60 వేలు పక్కన పెట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి, ఆ డబ్బుకి ముందుకంటే మంచి మోడల్ వస్తుందని ఆశ.

ఏం కావాలో ముందే తేల్చుకున్నాను. పీఎస్ 5 గరిష్ఠంగా 4కె బొమ్మను (3840 × 2160 చుక్కలది) సెకనుకి 120 సార్లు, అంటే 120 హెర్ట్జ్‌లో పంపగలదు. కన్సోల్ కేబులు టీవీకి తగిలించేది హెచ్‌డీఎంఐ పోర్టుకే. పాత 2.0 పోర్టు సామర్థ్యం సెకనుకి 18 గిగాబిట్లు. అందులో 4కె 60 వరకే పడుతుంది. 120 కావాలంటే 2.1 పోర్టు ఉండాలి, దాని పూర్తి సామర్థ్యం 48. దానితోపాటు వీఆర్‌ఆర్ ఉండాలి, అంటే గేము ఫ్రేములు ఎక్కువ తక్కువ అయినప్పుడు టీవీ కూడా దానికి తగ్గట్టు వేగం మార్చుకోవడం. కన్సోల్ ఆన్ చేయగానే టీవీ తనంతట తాను గేమ్ మోడ్‌లోకి, అంటే బొమ్మ ఆలస్యం లేకుండా వచ్చే సెట్టింగ్‌లోకి, పోయే ఏఎల్‌ఎల్‌ఎమ్ కూడా కావాలి. సైజు గురించి పెద్దగా ఆలోచించలేదు. మా సోఫాకీ గోడకీ మధ్య ఏడెనిమిది అడుగులు ఉంటుంది, దానికి 55 సరిపోతుంది.

ఇంతవరకు తేలికే. అసలు కథ షోరూములో మొదలైంది.

నేనూ, బీటెక్ రెండో ఏడు చదివే మా తమ్ముడూ ఆర్టీసీ బస్సెక్కాం. నాకు స్త్రీశక్తి ఉచిత టికెట్టు, వాడికే చార్జీ. కన్సోల్ 3 కిలోల పైన ఉంటుంది, తువ్వాలు చుట్టి బ్యాగులో పెట్టి దారంతా ఒళ్లోనే పెట్టుకున్నాను. నెల్లూరులో ట్రంకు రోడ్డు మీద పెద్ద షోరూము, ఏసీ, గోడ నిండా టీవీలు. లోపలికి అడుగు పెట్టగానే ఒకతను ఎదురొచ్చి, "రండి సార్, ఏ సైజు చూస్తున్నారు?" అని మా తమ్ముణ్ణి అడిగాడు. వాడికింకా మీసాలు సరిగ్గా రాలేదు.

"నాక్కాదన్నా, మా అక్కకి" అన్నాడు వాడు.

"మేడమ్‌కి అయితే ఈ మోడల్ చూపిస్తా సార్. సీరియల్స్‌లో చీరల రంగులు బాగా కనపడతాయి."

నేను సీరియల్ చూసి ఎన్నేళ్లయిందో! సరే, ఓపిగ్గా అడిగాను. "ఇందులో 4కె 120 హెర్ట్జ్ తీసుకునే పోర్టు ఏది?" అని. ప్రశ్న నాది, జవాబు మళ్లీ తమ్ముడికే. "120 ఉండాది సార్, డబ్బా మీదే రాసుండాది."

డబ్బా దగ్గరికి పోయి చదివాను. పెద్ద అక్షరాల్లో 120 అని ఉంది, దాని పక్కన చిన్న అక్షరాల్లో డీఎల్‌జీ అని ఉంది. ఈ మూడక్షరాలు బాగా గుర్తుపెట్టుకోండి. డ్యూయల్ లైన్ గేట్ అని దాని పూర్తి పేరు. 4కె తెర మీద నిలువుగా 2160 వరసల చుక్కలుంటాయి. ఈ ప్యానెల్ నిజానికి సెకనుకి 60 సార్లే మారుతుంది. 120 అని చెప్పుకోవడానికి రెండేసి వరసల్ని జత చేసి ఒకేసారి నడుపుతారు. వేగం రెట్టింపవుతుంది కానీ 2160 వరసల్లో వివరం 1080కి పడిపోతుంది. 4కె డబ్బు కట్టి, గేము వేగంగా కదిలే సమయంలో సగం బొమ్మ చూడటం అన్నమాట. మోషన్ రేట్ 120, ఎంఈఎంసీ 120 అని రాసేవి ఇంకో రకం. అక్కడ టీవీ రెండు ఫ్రేముల మధ్య తనే ఒక ఫ్రేము కల్పించి చూపిస్తుంది. క్రికెట్ చూడ్డానికి పర్వాలేదు, గేముకి మాత్రం ఆ కల్పించే పనికి పట్టే సమయమంతా ఆలస్యమే.

ఇదే మాట ఆ సేల్స్ అతనితో అన్నాను. "ఇది 60 ప్యానెలే కదా, డీఎల్‌జీతో 120 అంటున్నారు" అని. అతను నవ్వి ఫ్లోర్ మేనేజర్ని పిలిచాడు.

మేనేజర్ వస్తూనే, "పిల్లలు ఆడుకోవడానికా అమ్మా? వాళ్లకి ఇది చాలు" అన్నాడు.

"పిల్లలు కాదండీ. నేను ఆడతాను."

ఆయన ఒకసారి నా వైపు చూసి, తమ్ముడి వైపు తిరిగి, "అక్కకి మీరన్నా చెప్పండి సార్" అన్నాడు. ఫ్రిజ్ చూడ్డానికి వచ్చిన కుటుంబం ఒకటి పక్కనే ఉంది. వాళ్లందరూ తిరిగి నన్ను చూశారు. ఇరవై ఎనిమిదేళ్ల మనిషిని, సంపాదించుకుంటున్న మనిషిని, నాకు కావాల్సింది నాకు తెలియదని నలుగురిలో చెప్పాడు.

నేను బ్యాగు జిప్పు తీసి కన్సోల్ బయట పెట్టాను. "ఆ టీవీకి తగిలించి చూపించండి. గేము ఆడను, సెట్టింగ్స్‌లో ఒక పేజీ చూస్తాను, రెండు నిమిషాలు" అన్నాను. ఒప్పుకోలేదు. బయటి వస్తువులు డిస్‌ప్లే పీసులకి పెట్టకూడదన్నాడు, ఏదన్నా అయితే ఎవరు కడతారన్నాడు. చివరికి, "ఇంత తెలిసినోళ్లు ఆన్‌లైన్లో కొనుక్కోవచ్చు కదమ్మా" అన్నాడు.

సరేనని బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర సెక్యూరిటీ అతను బ్యాగు ఆపాడు. లోపల కన్సోల్ చూసి బిల్లు చూపించమన్నాడు. వచ్చేటప్పుడు ఇదే బ్యాగుతో అతని ముందు నుంచే లోపలికి పోయాను. పది నిమిషాల కింద నేను కన్సోల్ తీసి బల్ల మీద పెట్టినప్పుడు మేనేజర్ కళ్లారా చూశాడు. అయినా ఆయన కౌంటర్ దగ్గర నిలబడి ఒక్క మాట చెప్పలేదు. వచ్చేపోయేవాళ్లు మా వైపు చూస్తుంటే, నేను ఫోనులో పాత మెయిల్స్ వెతికి, బిల్లు తెరిచి, కన్సోల్ అడుగున ఉన్న సీరియల్ నంబరుతో సరిపోల్చి చూపించాను. తమ్ముడి మొహం ఎర్రబడిపోయింది. వాడు గొడవకి దిగబోతుంటే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. ట్రంకు రోడ్డు మీదికి వచ్చాక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరుకు అమ్మేవాళ్లకి ఒక మాట చెప్పాలి. డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో ఆ మనిషి మొహం చూసి మాట్లాడటం నేర్చుకోండి. ఆడపిల్ల టీవీ కొంటే సీరియల్ కోసమే, గేమ్ అంటే పిల్లల కోసమే అనుకునే రోజులు పోయాయి. మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి రాత్రి పదింటికి వంట సర్దుకుని ఆన్‌లైన్లో ఫుట్‌బాల్ ఆడుతుంది. పైగా ఆ షోరూములో నిలబడ్డ వాళ్లందరిలో ఆ టీవీ గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇది గొప్పకి చెప్పడం లేదు, వాళ్ల చేతిలో ఉన్న డబ్బా మీది అక్షరాలు వాళ్లు చదవలేదు, నేను చదివాను.

తమ్ముడు ఇంటికి పోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. మాగుంట లేఅవుట్ వైపు ఒక చిన్న షాపు ఉందని మా ఆడిటర్ గారు చెప్పి ఉన్నారు. అక్కడ ఓనరు పెద్దాయన, కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. బ్యాగు చూసి, "ఏందమ్మా, అంత బరువు మోసుకొచ్చావు?" అన్నాడు. కన్సోల్ అని, తగిలించి చూడాలని చెప్పాను. "చూసుకో తల్లీ. చూడకుండా అంత డబ్బు ఎట్లా పెడతావు?" అని తనే స్టూలు జరిపి ప్లగ్ పాయింటు చూపించాడు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి, మొత్తంలో పనికొచ్చే ముక్క ఇదే. పీఎస్ 5లో సెట్టింగ్స్, స్క్రీన్ అండ్ వీడియో, వీడియో ఔట్‌పుట్, అందులో వీడియో ఔట్‌పుట్ ఇన్ఫర్మేషన్ అని ఒక పేజీ ఉంటుంది. పైన ఇప్పుడు పోతున్న సిగ్నల్ కనిపిస్తుంది. కింద, తగిలించిన టీవీ ఏమేం తీసుకోగలదో ఉంటుంది. 3840 × 2160 ఎదురుగా 60 హెర్ట్జ్, 120 హెర్ట్జ్ రెండూ కనిపించాలి. మొదట పెట్టిన టీవీకి 2160 దగ్గర 60 మాత్రమే వచ్చింది, 120 అనేది 1080 దగ్గరే కనిపించింది. దాని డబ్బా మీద కూడా హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉంది! ఎందుకిలా అంటే, 2.1లోని పెద్ద ఫీచర్లు చాలావరకు ఐచ్ఛికం. అవన్నీ లేకపోయినా 2.1 అని రాసుకోవచ్చు. అందుకే డబ్బా మీది నంబరు చూసి డబ్బు కట్టకండి.

రెండో టీవీకి 2160 దగ్గర 120 వచ్చింది, కింద వీఆర్‌ఆర్ సపోర్టెడ్ అని కూడా వచ్చింది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగి ఆ లైను చదివి, "ఇది అడిగే వాళ్లు లేరమ్మా ఇన్నాళ్లూ" అంటూ ఆ మోడల్ నంబరు తన పుస్తకంలో రాసుకున్నాడు. వివిడ్ మోడ్ తీసేసి గేమ్ మోడ్ పెట్టమంటే పెట్టాడు. ఒక గేము తెరిచి, గేమ్ మోడ్ వేసి తీసి, కెమెరాని గుండ్రంగా తిప్పి చూశాను. మోడ్ తీసేస్తే చెయ్యి ఒకచోట, బొమ్మ ఒకచోట. వేస్తే రెండూ కలిసిపోయాయి. 60 వేలకి 2 వేలు ఎక్కువైంది. బేరమాడలేదు, ఆయన దగ్గర ఆడబుద్ధి కాలేదు.

డెలివరీ చెప్పిన రోజుకే వచ్చింది. ప్యానెల్ మీద చుక్కలు, గీతలు ఏమీ లేవు.

గోడకి బిగించడానికి వచ్చిన అబ్బాయి కన్సోల్‌ని మొదటి పోర్టుకి, తన సంచిలో ఉన్న కేబులుతో పెట్టాడు. వెంటనే మార్పించాను. మా టీవీలో 120 తీసుకునేవి మూడో, నాలుగో పోర్టులు మాత్రమే, పోర్టు పక్కన రాసి ఉంటుంది. కేబులు కూడా కన్సోల్ పెట్టెలో వచ్చినదే వాడాలి, అది 4కె 120కి సరిపోయేదే ఇస్తారు. అయినా 60 దగ్గరే ఆగింది. టీవీ సెట్టింగ్స్‌లో ఆ పోర్టుకి పూర్తి సిగ్నల్ తీసుకోమని విడిగా చెప్పాలి. సోనీలో దాన్ని ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అంటారు, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్, ఎల్‌జీలో హెచ్‌డీఎంఐ డీప్ కలర్. అది మార్చాక 120 వచ్చింది. తర్వాత కన్సోల్‌లో అడ్జస్ట్ హెచ్‌డీఆర్‌కి (వెలుగుకీ చీకటికీ తేడా బాగా చూపించే పద్ధతి హెచ్‌డీఆర్) పోయి మూడు తెరలూ చెప్పినట్టు సర్దుకున్నాను.

హెచ్‌డీఆర్ అంటే గుర్తొచ్చింది. తక్కువ వెలుగున్న టీవీలు కూడా హెచ్‌డీఆర్ అని రాసుకుంటాయి. సిగ్నల్ తీసుకోవడం వేరు, చూపించగలగడం వేరు. 300 నిట్స్ (తెర వెలుగు కొలత) టీవీలో హెచ్‌డీఆర్ పెడితే చీకటి సీన్లు మసకబారతాయి, అంతే. డబ్బు అటో ఇటో అన్నప్పుడు 120 కంటే మంచి వెలుగు, లోకల్ డిమ్మింగ్ (చీకటి ఉన్న చోట మాత్రం తెర వెలుగు తగ్గించడం) ఉన్నదే మేలని నా అభిప్రాయం. కథ నడిచే గేముల్లో చాలావరకు 60 దాటవు. పోటీ గేములు, ఫోర్ట్‌నైట్ లాంటివి ఆడేవాళ్లకి మాత్రం 120 కావాలి. 60లో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు, 120లో 8.3. ఆ తేడా చేతికి తెలుస్తుంది. నాకు తెలిసింది.

పెద్ద షోరూముల జోలికి పోవద్దనే నేను చెప్తాను. కన్సోల్ తగిలించనివ్వని చోట ఎంత డిస్కౌంటు ఇచ్చినా వెనక్కి తిరిగి రండి. పోయేటప్పుడు కన్సోల్ బిల్లు ఫోనులో పెట్టుకోండి, గుమ్మంలోనే సెక్యూరిటీకి చూపించి లోపలికి పోండి.

ఇంకొక్కటి. మూడో పోర్టే సౌండ్‌బార్ తగిలించే ఈఆర్క్ పోర్టు కూడా. కాబట్టి కన్సోల్‌ని నాలుగులో ఉంచాను. సౌండ్‌బార్ వచ్చే నెల జీతంతో, ఆ పెద్దాయన దగ్గరే తీసుకుంటాను.