రాత్రి పదిన్నర తర్వాత నా గంట

పర్లాకిమిడిలో షాపు షట్టర్ దించి, ఇంటికొచ్చి తిని, పాపను పడుకోబెట్టేసరికి పదిన్నర. ఆ తర్వాత దొరికే గంటే నాది. పన్నెండేళ్ల తర్వాత మళ్లీ వీడియో గేమ్ కంట్రోలర్ పట్టుకున్నాను, ఈసారి పీఎస్5, అంటే ప్లేస్టేషన్ 5.

చిన్నప్పుడు బరంపురంలో మావయ్య వాళ్లింట్లో పీఎస్2 ఉండేది, 8 ఎంబీ మెమరీ కార్డు, ఆటను సేవ్ చేసుకునే చోటు, సేవ్ పాయింట్, వచ్చేదాకా అత్తయ్య భోజనానికి ఎంత పిలిచినా లేచేవాళ్లం కాదు. ఇప్పుడలా కుదరదు, పాప ఏడిస్తే వెంటనే లేవాలి. అందుకే నాకు గ్రాఫిక్స్ కన్నా రెస్ట్ మోడే గొప్పగా అనిపిస్తుంది. ఆట ఎక్కడుందో అక్కడే ఆగిపోతుంది, రేపు సరిగ్గా అక్కడి నుంచే మొదలు. కానీ మధ్యలో కరెంటు పోతే ఆగిన చోటు కూడా పోతుంది, వానాకాలంలో మాకిది మామూలే, కాబట్టి లేచే ముందు సేవ్ చేయడం అలవాటు చేసుకున్నాను. అప్‌డేట్లు కూడా రెస్ట్ మోడ్‌లోనే దిగేలా పెట్టాను, లేకపోతే ఉన్న గంటా డౌన్‌లోడ్ చూడ్డానికే సరిపోతుంది.

ఆన్‌లైన్ మ్యాచ్‌లు మానేశాను, మధ్యలో ఆపడానికి వీల్లేదు. డిఫికల్టీ ఈజీలోనే పెడతాను, నాకు కావాల్సింది కథ.

నిన్న మా ఆవిడ పక్కన కూర్చుని, "ఆ గుర్రం మీద ఇంకాస్త ముందుకెళ్లండి, ఆ కొండ చూద్దాం" అంది. పన్నెండు దాటినా ఆపలేదు.