ఒకే విడత గుడ్లు, సగం పెట్ట కింద, సగం మెషీన్‌లో

మా పెట్టల్లో నల్లమెడది గుడ్లు పెట్టే గూట్లోంచి లేవడం మానేసింది. దగ్గరికి వెళ్తే ఈకలన్నీ పొంగించుకుని కుర్రుమంటోంది, చెయ్యి పెడితే పొడుస్తోంది. పొట్ట కింద తడిమితే ఈకలు ఊడిపోయి, చర్మం నేరుగా తగులుతూ వేడిగా ఉంది. పొదుగుకు వచ్చేసిందన్నమాట. అప్పటికే మా ఆయన ఒక చిన్న ఇంక్యుబేటర్ (గుడ్లు పొదిగే మెషీన్) కొని, అట్టపెట్టె కూడా విప్పకుండా అటక మీద పెట్టి ఉన్నారు. రెండూ ఉన్నాయి కాబట్టి ఒకే విడత గుడ్లలో సగం పెట్ట కింద, సగం మెషీన్‌లో పెడదామనుకున్నాను. మెషీన్‌లో లేచిన పిల్లల్ని కూడా తర్వాత పెట్టకే అప్పగించేస్తే పెంచే బాధ్యత దానిదే అవుతుందని నా లెక్క.

గుడ్లు ఒక్క రోజులో రావు కదా, కొన్ని రోజులు పోగు చేయాలి. వారం దాకా దాచిన గుడ్లు బాగానే పనికొస్తాయి, ఆ తర్వాత రోజు గడిచేకొద్దీ పిల్లలు లేచే అవకాశం తగ్గుతుంది. చల్లటి గదిలో, సన్నటి మొన కిందికి ఉండేలా పెట్టాను. ఫ్రిజ్‌లో పెట్టలేదు, అది మరీ చల్లన. మురికిగా ఉన్నవి పక్కన పెట్టేశానే తప్ప కడగలేదు. గుడ్డు పైన కంటికి కనిపించని పూత ఒకటి ఉంటుంది. కడిగితే అది పోయి, పెంకులో ఉన్న సన్నటి రంధ్రాల గుండా క్రిములు లోపలికి చేరతాయి. ముందు పెట్టిన గుడ్డులో పిల్ల ముందే పెరగడం మొదలవదా అని మా చిన్నది అడిగింది. మొదలవదు. వేడి తగిలేదాకా లోపల పెరుగుదల ఆగి ఉంటుంది. పెట్ట కూడా గుడ్లన్నీ పెట్టాకే కదలకుండా కూర్చుంటుంది కాబట్టే పిల్లలన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి.

పెట్టను రాత్రిపూట ఎత్తుకెళ్లి, మిగతా కోళ్లకు దూరంగా, చీకటిగా ఉండే మూలలో కూర్చోబెట్టాను. పగలు మారిస్తే పాత చోటికే పరిగెత్తుతుంది, చీకట్లో మారిస్తే పెద్దగా పట్టించుకోదు. గుడ్లన్నింటి మీదా పెన్సిల్‌తో గీత గీశాను. తలుపు తీసి ఉన్నప్పుడు వేరే పెట్టలు వచ్చి అక్కడే గుడ్డు పెట్టిపోతుంటాయి. గీత లేనిది కనిపిస్తే తీసేయడమే. లేదంటే ముందువి పిల్లలై దిగిపోయేసరికి వెనకవి సగంలో ఆగిపోతాయి.

మెషీన్‌తో వచ్చిన తలనొప్పి వేరు. గుడ్లు పెట్టడానికి ముందు రోజే ఆన్ చేసి, వేడి నిలకడగా ఉందో లేదో చూశాను. ఫ్యాన్ ఉన్న మెషీన్ కాబట్టి 37.5 డిగ్రీలు ఉండాలి. ఫ్యాన్ లేనివాటిలో పైన ఒక వేడి, కింద ఒక వేడి ఉంటుంది, వాటిలో గుడ్ల పైభాగం దగ్గర డిగ్రీ ఎక్కువే పెడతారు. మెషీన్ మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకుండా లోపల ఇంకో థర్మామీటర్ పెట్టుకోవడం మంచిది. మా దాంట్లో రెండింటికీ అర డిగ్రీ తేడా వచ్చింది. వినడానికి తక్కువే, కానీ మూడు వారాల పాటు అర డిగ్రీ తక్కువైతే పిల్లలు ఆలస్యంగా, నీరసంగా లేస్తాయి. ఇక రోజుకు కనీసం మూడుసార్లు గుడ్లు తిప్పాలి, లేకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది. పెట్ట ఈ పని ముక్కుతో, కాళ్లతో రాత్రీ పగలూ చేస్తూనే ఉంటుంది. నేను ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.

పెట్ట రోజుకోసారి లేచి బయటికొచ్చేది. గబగబా గింజలు మింగి, నీళ్లు తాగి, దుమ్ములో పొర్లి, ముక్కు మూసుకోవాల్సినంత పెద్ద రెట్ట వేసి, మళ్లీ వెళ్లి కూర్చునేది. అది అటు వెళ్లినప్పుడు గుడ్ల మీద చెయ్యి పెట్టి చూసి, చల్లబడిపోతున్నాయని నాకు టెన్షన్. “అదేం మర్చిపోదు లేమ్మా, కంగారు పడకు” అనేవారు అత్తయ్య. పావుగంట, ఇరవై నిమిషాలు చల్లబడితే గుడ్లకేం కాదు. కరెంటు పోయినప్పుడు మెషీన్‌కూ అంతే, మూత తీయకుండా దుప్పటి కప్పితే కాసేపు ఓర్చుకుంటుంది.

వారం అయ్యాక లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చ్ మీద గుడ్డు పెద్ద మొన ఆనించి చూశాను. ఇది మాత్రం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. పెంకంతా నారింజ రంగులో వెలిగింది. లోపల సన్నటి ఎర్రటి నరాలు ఒక చోటి నుంచి నలువైపులా పాకి ఉన్నాయి. మధ్యలో నల్లటి చుక్క ఒకటి, అది పిల్ల కన్ను. కాసేపు కదపకుండా పట్టుకుంటే ఆ చుక్క చటుక్కున పక్కకి జరిగింది. మూడో రోజుకే తెల్లసొనలో నెత్తుటి చుక్కంత గుండె కనిపిస్తుందని, అది కొట్టుకుంటుందని అరిస్టాటిల్ రెండు వేల ఏళ్లకు ముందే రాసిపెట్టాడు. టార్చ్ లేని రోజుల్లో గుడ్లు పగలగొట్టే చూసి ఉంటారు మరి.

కొన్ని గుడ్లు లోపల ఏమీ లేకుండా ఖాళీగా వెలిగాయి. అవి పుంజు తొక్కనివి. ఒకదానిలో ఎర్రటి వలయం మాత్రం ఉంది, అంటే మొదలై చనిపోయింది. ఇలాంటివి ఉంచితే మురిగి, లోపల గ్యాస్ పట్టి పగులుతాయి, ఆ కంపు పక్క గుడ్లకూ చేటే. పెట్ట కిందవి కూడా రాత్రి పూట ఒక్కొక్కటే తీసి చూశాను. రెండు చోట్లా నష్టం ఇంచుమించు ఒకేలా ఉంది.

తేడా అంతా చివరి మూడు రోజుల్లో కనిపించింది. పొదిగినన్నాళ్లూ గుడ్డులోని నీరు ఆవిరవుతూ, పెద్ద మొన దగ్గర గాలి అర పెద్దదవుతుంది. పిల్ల లేచేనాటికి గుడ్డు తన బరువులో 12, 13 శాతం పోగొట్టుకోవాలి. అందుకే మొదటి 18 రోజులూ తేమ 50 శాతం అటూ ఇటూ ఉంచి, ఆ తర్వాత తిప్పడం ఆపేసి 65, 70 శాతానికి పెంచుతారు. ఇక అప్పటి నుంచి మూత తీయకూడదు. పిల్ల పెంకుకు చిల్లు పెట్టాక మూత తీస్తే తేమంతా ఒక్కసారిగా పోయి, లోపలి పొర ఎండి పిల్లకు అతుక్కుపోతుంది. అది ఇక తిరగలేదు.

ఇరవయ్యో రోజు రాత్రి మెషీన్ దగ్గర చెవి పెడితే లోపల్నుంచి కిచకిచ వినిపించింది. పెంకు ఎక్కడా పగల్లేదు. అప్పటికి పిల్ల లోపలి పొరను చీల్చుకుని గాలి అరలోకి ముక్కు పెట్టి, మొదటిసారి ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంటుంది. తెల్లారేసరికి ఒక గుడ్డు మీద చిన్న చిల్లు, అందులో ముక్కు మొన. పై ముక్కు చివర తెల్లగా గట్టిగా ఒక పొక్కు ఉంటుంది, పెంకు పగలగొట్టడానికి పనికొచ్చేది అదే. కొన్ని రోజుల తర్వాత ఊడిపోతుంది.

ఆ తర్వాత ఏమీ జరగలేదు. మధ్యాహ్నమైంది, సాయంత్రమైంది, అదే చిల్లు. అప్పుడప్పుడూ చిన్న అరుపు. ఇక్కడే మనుషులు ఆగలేరు. గోటితో కాస్త పెంకు తీద్దామా అని మా ఆయన రెండుసార్లు అడిగారు. “చెయ్యి పెట్టకు నాయనా, దానికి తెలుసు ఎప్పుడు రావాలో” అన్నారు అత్తయ్య. ఆ మాట నిజమే. చిల్లు పెట్టాక పిల్ల 12 నుంచి 24 గంటల దాకా అలాగే ఉంటుంది. ఆ సమయంలో పొరలోని నరాల్లో ఉన్న రక్తమంతా ఒంట్లోకి లాక్కుంటుంది, మిగిలిన పచ్చసొన బొడ్డులోంచి కడుపులోకి పోతుంది. ముందే పెంకు వలిస్తే ఆ నరాలు తెగి రక్తం కారుతుంది. సాయం చేయాలనుకునే చేతుల వల్ల పోయే పిల్లలే ఎక్కువని నా అభిప్రాయం.

రాత్రి బాగా పొద్దుపోయాక అది మళ్లీ మొదలుపెట్టింది. లోపలే కొద్దికొద్దిగా తిరుగుతూ, పెద్ద మొన చుట్టూ గీత గీసినట్టు పెంకు పగలగొట్టుకుంటూ వచ్చి, కాళ్లతో ఒక్క తోపు తోసి బయటపడింది. తడిసి, మెడ నిలవక, అందంగా ఏమీ లేదు. పక్కనున్న గుడ్లను తన్నుకుంటూ దొర్లింది. ఆ అలికిడికో అరుపులకో మిగతావీ కదిలాయి. తెల్లారేసరికి చాలావరకు లేచాయి. ఒకటి సన్నటి మొన వైపు తల పెట్టి, గాలి అర అందక లోపలే పోయింది. ఇంకొకటి చిల్లు కూడా పెట్టలేదు.

పెట్ట వైపు ఇంత హడావుడి లేదు. రెండు రోజుల ముందు నుంచీ అది లోగొంతుకతో కుక్, కుక్ అంటూ గుడ్లతో మాట్లాడుతోంది, లోపల్నుంచి పిల్లలు జవాబిస్తున్నాయి. అది లేవలేదు, తినలేదు. నేను చూడటానికి వెళ్లేసరికి రెక్క కింద నుంచి రెండు పసుపు తలలు, పక్కన సగం పెంకులు. తేమ మీటరూ లేదు, అలారమూ లేదు. ఆలస్యంగా లేచేవాటి కోసం ఇంకో రోజు ఆగి, ఆ తర్వాత లేవని గుడ్లను వదిలేసి పిల్లలతో దిగిపోయింది. అన్నాళ్లూ ముందు లేచినవి ఆకలితో ఉండవా అంటే ఉండవు, కడుపులోకి లాక్కున్న పచ్చసొన రెండు మూడు రోజులకు సరిపోతుంది.

అది దిగకముందే, రాత్రి చీకట్లో, మెషీన్ పిల్లల్ని ఒక్కొక్కటిగా దాని పొట్ట కిందికి జరిపాను. పొద్దున్నకల్లా అన్నింటినీ తనవే అనుకుంది, ఒక్కదాన్ని తప్ప. అది రంగులో వేరుగా ఉందనో ఏమో, కనిపించినప్పుడల్లా నెత్తి మీద పొడిచింది. దాన్ని ఇంట్లోకి తెచ్చాం. కోడిపిల్ల ఒంటరిగా ఉంటే గుక్కపెట్టి అరుస్తూనే ఉంటుంది. అందుకే తోడుగా ఇంకో రెండింటిని తీసుకొచ్చి అట్టపెట్టెలో పెట్టాను. ఆ మూడింటి చాకిరీ పెట్ట దగ్గరున్న గుంపు మొత్తానికి చేసినదానికంటే ఎక్కువైంది.

మొదటి వారం 35 డిగ్రీల దాకా వేడి ఉండాలి, ఆపై వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి, ఒళ్లంతా ఈకలు వచ్చేదాకా. థర్మామీటర్ కంటే పిల్లల్ని చూస్తేనే బాగా తెలుస్తుంది. వెచ్చదనం కోసం పెట్టిన దీపం కింద ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, మూలలకు పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. దీపాన్ని తాడుతో కాకుండా గొలుసుతో కట్టాను, కింద పరిచిన పొట్టులో పడితే నిప్పంటుకుంటుంది. అడుగున న్యూస్ పేపర్ వేయలేదు, నున్నటి దాని మీద కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేశాను, పడి మునగకుండా. ఒకదానికి రెట్ట వెనక అంటుకుని గట్టిపడి దారి మూసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి మెత్తబడేదాకా ఒత్తి తీశాను. లాగితే చర్మం ఊడొస్తుంది. పెట్ట దగ్గర పెరిగేవాటికి ఈ బాధ ఒక్కసారి కూడా రాలేదు.

మేత విషయంలో ఒకటి ముఖ్యం. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో కాల్షియం చాలా ఎక్కువ, అది పిల్లల కిడ్నీలను పాడుచేస్తుంది. అందుకని పిల్లల దాణానే తల్లికీ పెట్టాను. అది ఎలాగూ గుడ్లు పెట్టడం లేదు. గింజ దొరికితే ముక్కుతో తీసి కింద పడేసి పిలిచేది, పిల్లలన్నీ దాని మీద పడేవి. గద్ద నీడ కనిపిస్తే ఒక్క కేక వేసేది, అంతే, పిల్లలు ఎక్కడివక్కడ మాయం. ఇంట్లోని మూడూ పైన ఏది ఎగిరినా వెర్రిగా చూస్తూ నిలబడేవి.

మొదటి వారంలోనే పశువుల డాక్టరు చెప్పినట్టు కొక్కెర తెగులు టీకా కంట్లో చుక్క వేయించాం. నాలుగో వారంలో రెట్టలో రక్తం కనిపించింది. ఆ వయసులో కాక్సీడియోసిస్ అనే పేగుల జబ్బు మామూలే, తడి పొట్టులో ఆ క్రిమి త్వరగా పెరుగుతుంది. డాక్టరు నీళ్లలో ఆంప్రోలియం అనే మందు కలపమన్నారు, పొట్టంతా మార్చి ఎండబెట్టాం. తగ్గింది.

రెండు నెలలు కావస్తుండగా తల్లే పిల్లల్ని పొడిచి తరమడం మొదలుపెట్టి, మళ్లీ గుడ్లకు వచ్చింది. దాని వెనక తిరిగినవి అప్పటికే మందలో కలిసిపోయాయి. అట్టపెట్టె మూడింటికే కష్టమైంది. కోళ్లలో ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరస ఉంటుందని నార్వేకు చెందిన షెల్డెరప్ ఎబ్బే అనే ఆయన 1920లలోనే గమనించి చెప్పాడు. కొత్తవాటి స్థానం అట్టడుగునే. వాటిని కొన్నాళ్లు వల కట్టిన మూలలో ఉంచి, అటూ ఇటూ చూసుకోనిచ్చి, మేత గిన్నెలు రెండు చోట్ల పెట్టాక వదిలాను.

ఏ విడతలోనైనా దాదాపు సగం పుంజులే వస్తాయి. ఆరో వారానికి తురాయి ఎర్రబడిన వాటిని బట్టి చాలావరకు తెలిసిపోయింది. అడిగినవాళ్లకు ముందే మాటిచ్చాను కాబట్టి అవి వెళ్లిపోయాయి, ఒక్కదాన్ని ఉంచుకున్నాం. ఇప్పుడు అది కూత నేర్చుకుని పాత పుంజుతో రోజూ తగవు పడుతోంది. ఏదో ఒకదాన్ని పంపేయక తప్పదు, ఏదనేది ఇంట్లో ఇంకా తేలలేదు.