పొటాషియం మామూలుగా ఉన్న ఆ రోగి

వైద్య లైసెన్సు పరీక్ష కోసం మూలశాస్త్రాలను రెండోసారి చదవడం మొదలుపెట్టినప్పుడు, రంగు పెన్నుతో గీతలు గీసుకున్న పేజీలను మళ్లీ మళ్లీ తిరగేయడమే పునశ్చరణ అనుకున్నాను. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అన్నీ తెలిసిన విషయాలుగానే ఉండేవి. తీరా ప్రశ్న ముందు కూర్చుంటే, ఇచ్చిన జవాబుల్లో రెండు మూడు సరైనవిగానే తోచేవి. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు అని ఒక్క ప్రశ్నతో నాకు తెలిసివచ్చింది.

ఆ ప్రశ్నలోని రోగికి నీరసం ఉంది, బరువు తగ్గింది, లేచి నిలబడితే రక్తపోటు పడిపోతోంది, రక్తంలో సోడియం తక్కువగా ఉంది. ఇంతవరకు చదివి అడిసన్ వ్యాధి అని జవాబు పెట్టేశాను. పొటాషియం మామూలుగానే ఉందనీ, చర్మం రంగు మారలేదనీ ఆ తర్వాతి వాక్యంలో ఉన్నా, దానికి నేను విలువ ఇవ్వలేదు. 1855లో థామస్ అడిసన్ వర్ణించిన ఆ వ్యాధిలో దెబ్బతినేది మూత్రపిండం పైన ఉండే అడ్రినల్ గ్రంథే. అది తయారుచేసే కార్టిసాల్ హార్మోను తగ్గిపోవడంతో, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి అదుపు తప్పి, అడ్రినల్‌ను ప్రేరేపించే ఏసీటీహెచ్ హార్మోను విపరీతంగా తయారవుతుంది. ఆ హార్మోనూ, అది పుట్టే పెద్ద ప్రొటీను నుంచే వచ్చే ఇతర హార్మోన్లూ చర్మంలోని మెలనిన్ కణాలను ప్రేరేపించడం వల్ల అరచేతి గీతలు, నోటి లోపలి పొర, పాత మచ్చలు నల్లబడతాయి. అడ్రినల్ తయారుచేసే మరో హార్మోను, సోడియాన్ని నిలిపి పొటాషియాన్ని బయటకు పంపే ఆల్డోస్టిరోన్ కూడా లోపిస్తుంది కనుక సోడియం మూత్రంలో పోతుంది, పొటాషియం రక్తంలో పేరుకుంటుంది. ప్రశ్నలోని రోగిలో లోపం పిట్యూటరీది. ఏసీటీహెచ్చే తక్కువైనప్పుడు చర్మం నల్లబడే అవకాశం లేదు; ఆల్డోస్టిరోన్‌ను ప్రధానంగా నడిపేవి మూత్రపిండాల నుంచి మొదలయ్యే రెనిన్-యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ల వ్యవస్థ, పొటాషియం కాబట్టి ఆల్డోస్టిరోన్ దాదాపు మామూలుగానే ఉంటుంది, దానితో పొటాషియమూ. మరి సోడియం ఎందుకు తగ్గిందంటే, కార్టిసాల్ లేనప్పుడు మూత్రంలో నీరు పోకుండా ఆపే ఏడీహెచ్ హార్మోను ఎక్కువగా విడుదలై, శరీరంలో నీరు నిలిచి, ఉన్న సోడియం పలచబడుతుంది. ఒకే అంకె రెండు వ్యాధుల్లో రెండు వేర్వేరు దారుల్లో తగ్గుతుందన్నమాట. లక్షణాల జాబితాను ఎన్నిసార్లు వల్లెవేసినా నాకు ఈ తేడా పట్టుబడేది కాదు.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. విషయం పేరు మాత్రం పైన రాసి, ఖాళీ కాగితం మీద కారణం నుంచి లక్షణం వరకు బాణాలు గీస్తూ వెళ్తాను. ఎక్కడ ఆగిపోతానో అక్కడే పుస్తకం తెరుస్తాను.

ఆమ్ల-క్షార సమతుల్యతలో ఈ పద్ధతి నాకు అందరికన్నా మంచి గురువైంది. జీవక్రియ వల్ల ఆమ్లత పెరిగిన రోగి రక్తంలో, ఆమ్లాన్ని తటస్థం చేసే బైకార్బొనేట్ 12 ఉందనుకుందాం. దాన్ని ఒకటిన్నరతో గుణించి 8 కలిపితే 26 వస్తుంది. ఊపిరితిత్తులు సరిగా స్పందించి కార్బన్ డయాక్సైడ్‌ను ఎక్కువగా బయటకు పంపుతుంటే, రక్తంలో దాని పీడనం 26కు రెండు అటూ ఇటూగా ఉండాలి. నివేదికలో 34 ఉంటే, అది మామూలు విలువైన 40 కన్నా తక్కువే కాబట్టి పరవాలేదు అనిపిస్తుంది. నిజానికి ఆ రోగి కావలసినంత వేగంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడు, బహుశా అలసిపోతున్నాడు. ఇది మార్కుల కోసం మాత్రమే తెలుసుకోవలసిన లెక్క కాదు, రేపు నిజంగా ఒక మనిషి మంచం పక్కన నిలబడి వేయవలసిన లెక్క అని నేను గట్టిగా నమ్ముతాను.

బీ12, ఫోలేట్ విటమిన్ల లోపాల సంగతీ ఇలాంటిదే. రెండింటిలోనూ ఎర్ర రక్తకణాలు పెద్దవవుతాయి, రక్తంలో హోమోసిస్టీన్ అనే పదార్థం పెరుగుతుంది. మిథైల్‌మలోనిక్ ఆమ్లం మాత్రం బీ12 లోపంలోనే పెరుగుతుంది. ఈ తేడా చూడకుండా ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల వెన్నుపాముకు జరిగే నష్టం మాత్రం ఆగదు.

కారణం వెతికినా పెద్దగా ఉపయోగపడని విషయాలూ ఉన్నాయి. కణంలో వ్యర్థాలను విడగొట్టే లైసోజోమ్‌లకు వచ్చే వ్యాధుల్లో ఏ ఎంజైము లోపిస్తే ఏ వ్యాధి అన్నది కంఠస్థం చేయవలసిందే. వాటిని మర్నాడు, నాలుగో రోజు, పదకొండో రోజు చూడకుండా రాసుకుంటున్నాను. భుజం నుంచి మోచేతి వరకు ఉండే ఎముక విరిగిన చోటును బట్టి దెబ్బతినే నరాలు మాత్రం ఒక్క బొమ్మ గీస్తే చాలు, మళ్లీ మరిచిపోలేదు.

తప్పుల పుస్తకంలో ప్రతి ప్రశ్నకూ ఎదురుగా, ఆ తప్పు జవాబు నాకు ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాస్తున్నాను. ప్రస్తుతం మూత్రపిండ నాళికల దగ్గర ఉన్నాను. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందుల్లో లూప్ మూత్రకారకాలూ థయజైడ్లూ రెండూ సోడియాన్ని బయటకు పంపేవే అయినా, మొదటివి కాల్షియాన్ని కూడా మూత్రంలోకి వదిలేస్తాయి, రెండోవి దాన్ని రక్తంలోకి తిరిగి తెస్తాయి. ఈ తేడాకు కారణాన్ని ఇంకా తడబడకుండా రాయలేకపోతున్నాను కనుక, రేపు ఉదయం మళ్లీ ఆ నాళిక బొమ్మతోనే మొదలుపెడతాను.